తెరిచిన ఫైళ్ళు – 6: క్రిప్స్ వెనుక నడిచిన తంతి

గత వారం సింగపూర్ దగ్గర ఆగాం. 1942 ఫిబ్రవరి 15న అక్కడి బ్రిటిష్ సేన జపాన్‌కు లొంగిపోయింది. మార్చి 8న రంగూన్ కూడా పోయింది. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పొట్టపోసుకుంటున్న తెలుగువాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని స్వదేశం దారి పట్టారు. ఈ వారం యుద్ధం మన ఒడ్డుకే వచ్చింది.

ఏప్రిల్ 6, సోమవారం. విశాఖపట్నం రేవు మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీదా వేశాయి. అవి బంగాళాఖాతంలోకి చొచ్చుకొచ్చిన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి వచ్చాయి. ముందురోజు ఈస్టర్ ఆదివారం కొలంబో వంతు అయింది. ఆ కొద్ది రోజుల్లోనే మన తూర్పు తీరం వెంట ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. విశాఖలో పోయిన ప్రాణాలు తక్కువే, కాని ఊరి గుండె జారిపోయింది. జనం మూటాముల్లె సర్దుకుని, దొరికిన బండి ఎక్కి లోపలి ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను సముద్రానికి దూరంగా తరలించింది. ఆనాడు పడి పేలని బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. చూసినవాళ్ళు చాలామందే ఉంటారు.

మర్నాడు, ఏప్రిల్ 7న, లండన్ నుంచి ఢిల్లీకి రాయబారిగా వచ్చిన బ్రిటిష్ మంత్రి సర్ స్టాఫర్డ్ క్రిప్స్ కాంగ్రెస్ అధ్యక్షుడు మౌలానా ఆజాద్‌కు ఒక ఉత్తరం పంపాడు. ఏర్పాటు చేస్తామంటున్న కొత్త ప్రభుత్వంలో రక్షణ శాఖ చూసే భారతీయుడికి ఏయే పనులు అప్పగిస్తారో అందులో జాబితా ఉంది: ప్రచారం, యుద్ధం ముగిశాక సైనికులను ఇళ్ళకు పంపడం, పెట్రోలు సరఫరా, సైనికుల వినోద సౌకర్యాలు, క్యాంటీన్లు, స్టేషనరీ, అచ్చుపని, విదేశీ బృందాలకు స్వాగతం. సైన్యం, దాని నడక, దాని ఖర్చు సేనాధిపతి వేవెల్ చేతిలోనే ఉంటాయి. విశాఖ మీద బాంబులు పడి ఇరవై నాలుగు గంటలు గడిచాయో లేదో, దేశ రక్షణలో దేశస్థుడికి దక్కిన వాటా కాగితాలూ క్యాంటీన్లూ. ఇది దాదాపు హాస్యాస్పదంగా ఉందని కాంగ్రెస్ అన్నది. తప్పు పట్టగలమా?

తాళం ఎప్పుడు తీశారు?

ఇంతవరకూ ఆనాడు పత్రికలు చదివినవారికి తెలిసిందే. క్రిప్స్‌కు లండన్ నుంచి ఏమి వస్తోంది, ఆయన వీపు వెనుక ఢిల్లీ నుంచి ఏమి పోతోంది అన్నదే తెలియదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి కాంగ్రెస్ చరిత్ర రెండో సంపుటం 1947లో వచ్చింది. వర్కింగ్ కమిటీ సభ్యుడిగా మన వైపు లోగుట్టు ఆయనకు కొట్టినపిండి. అవతలి వైపు కాగితం మాత్రం ఆయన చేతికి అందే వీలే లేదు, ఎందుకంటే బ్రిటన్‌లో ప్రభుత్వ పత్రాలు అప్పట్లో మూతలోనే ఉండేవి.

1967లో హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం యాభై ఏళ్ళ మూతను ముప్పై ఏళ్ళకు తగ్గించింది. అదే ఏడాది జూన్ 30న, ఇండియాకు అధికార బదిలీ జరిగిన తీరు మీది పత్రాలను అచ్చు వేయిస్తామని విల్సన్ కామన్స్ సభలో ప్రకటించాడు. సంపాదకుడు నికొలస్ మాన్సర్ అనే చరిత్రకారుడు. 1970లో మొదటి సంపుటం వచ్చింది. 1983 నాటికి పన్నెండు అయ్యాయి. ఆ మొదటి లావుపాటి పుస్తకం మొత్తం నాలుగు నెలల కథే: 1942 జనవరి నుంచి ఏప్రిల్ దాకా, క్రిప్స్ రాయబారం.

ఇలాంటి పుస్తకం చదవడం నవల చదివినట్టు ఉండదు. ఎవరి నుంచి ఎవరికి, ఏ తేదీ, ఏ ఫైలు అన్న వివరం తల మీద, మాటలు పొదుపుగా కోసిన తంతి కింద. వ్యాఖ్య ఉండదు. తేదీలే కథ చెబుతాయి. ఒకే తేదీ ఉన్న కాగితాలను పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

జనవరి తంతి, ఫిబ్రవరి చీటీ

ముందుగా 1942 జనవరి 21. వైస్రాయి లిన్‌లిత్‌గో భారత వ్యవహారాల మంత్రి ఏమరీకి తంతి పంపాడు. ఇండియా, బర్మాలకు సామ్రాజ్యంతో సహజమైన బంధమేదీ లేదు, జాతిలో గాని చరిత్రలో గాని మతంలో గాని కలయిక లేదు, అవి గెలుచుకున్న దేశాలు గనుకనే, బలవంతాన తెచ్చి అదుపులో పెట్టుకున్నాం గనుకనే సామ్రాజ్యంలో ఉన్నాయి అన్నది దాని సారాంశం. తిలక్ నుంచి గాంధీ దాకా మనవాళ్ళు వేదికల మీద అన్నదీ ఇదే. వాళ్ళు అంటే రాజద్రోహం. వైస్రాయి అంటే రహస్య పత్రం.

ఆ తంతి లండన్‌లో క్లెమెంట్ ఆట్లీ కంటపడింది. లేబర్ పార్టీ నాయకుడు, చర్చిల్ ఉమ్మడి మంత్రివర్గంలో ముఖ్యుడు. ఫిబ్రవరి 2న ఆయన సహచర మంత్రులకు ఒక చీటీ రాశాడు. వైస్రాయిది మోటు సామ్రాజ్యవాదమన్నాడు. ఆయన విచక్షణ మీద తనకు నమ్మకం సడలిందన్నాడు. పూర్వం డర్హమ్ ప్రభువు కెనడాను సామ్రాజ్యానికి దక్కించినట్టు ఇప్పుడు ఇండియాకూ అలాంటి మనిషిని పంపాలన్నాడు. క్రిప్స్ రాయబారానికి విత్తనం పడింది ఇక్కడే. ఈ చీటీలో స్వాతంత్ర్యం ఇచ్చి వచ్చేద్దాం అన్న మాట లేదు. ఇండియాను నిలుపుకోవడం ఎలా అన్నదే ఆట్లీ ప్రశ్న కూడా. దారి వేరు, అంతే.

క్రిప్స్ ఎవరు? క్రిప్సే ఎందుకు?

చర్చిల్‌కు అవి గడ్డురోజులు. జనవరి 29న సభలో విశ్వాస పరీక్ష 464 – 1 ఓట్లతో నెగ్గాడు. అయినా సింగపూర్ పోయాక ఆ అంకె ఎవరికీ గుర్తులేదు. సరిగ్గా అప్పుడే మాస్కోలో రాయబారిగా పనిచేసి క్రిప్స్ తిరిగి వచ్చాడు. రష్యా యుద్ధంలోకి వచ్చి హిట్లర్‌ను నిలువరిస్తున్న ఘనతలో కొంత ఆయన ఖాతాలో పడింది. శాకాహారి, పేరుమోసిన లాయరు, లేబర్ పార్టీ 1939లో బయటికి పంపిన ఒంటరివాడు. చర్చిల్ తరువాత ఇతనేనేమో అని జనం అనుకునే దాకా వెళ్ళింది. ఫిబ్రవరి 19న చర్చిల్ ఆయన్ను యుద్ధ మంత్రివర్గంలోకి తీసుకుని సభా నాయకుణ్ణి చేశాడు.

మనవాళ్ళకు ఆయన కొత్త కాదు. 1939 డిసెంబరులో ఇండియా వచ్చి తిరిగి వెళ్ళాడు. నెహ్రూకు స్నేహితుడు. ఇండియాకు స్వపరిపాలన ఇవ్వాలని బాహాటంగా అనేవాడు. అలాంటి మనిషే ప్రతిపాదన చేతపట్టుకుని వస్తే కాదనడం కాంగ్రెస్‌కు కష్టం. కాదంటే ప్రపంచం ముందు కాంగ్రెస్‌దే తప్పు.

మార్చి 10: ఒకే తేదీ, మూడు కాగితాలు

మొదటిది రూజ్‌వెల్ట్ నుంచి చర్చిల్‌కు. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పదమూడు రాష్ట్రాలు తాత్కాలిక ఏర్పాటుతో కొన్నేళ్ళు నెట్టుకొచ్చి, తరువాత తీరిగ్గా రాజ్యాంగం రాసుకున్నాయి. ఇండియాలో కూడా అలా ఒక తాత్కాలిక ప్రభుత్వాన్ని నిలబెట్టి, అసలు ఏర్పాటు యుద్ధం అయ్యాక చూసుకోరాదా అని సలహా. చర్చిల్‌కు ఈ పోలిక రుచించలేదు. తరువాత 1950లో వచ్చిన తన యుద్ధ చరిత్రలో, ఇండియాను అలా వదిలేయడం పిచ్చిపని అయ్యేదన్న ధోరణిలో రాసుకున్నాడు. కాని ఆ మార్చిలో అమెరికా మాట పెడచెవిన పెట్టే స్థితి కాదు. ఓడలు, ట్యాంకులు, విమానాలు అక్కడినుంచే రావాలి.

రెండోది ఏమరీ నుంచి లిన్‌లిత్‌గోకు. ఇన్నాళ్ళూ కదలని బండి ఒక్కసారి ఎందుకు కదిలిందో అందులో చెప్పాడు. చర్చిల్ మీద రూజ్‌వెల్ట్ ఒత్తిడి, ఆట్లీ బృందం మీద సొంత పార్టీ ఒత్తిడి, వీటికి తోడు యుద్ధ మంత్రివర్గంలోకి క్రిప్స్ రాక. మూడూ కలిసి తూము తలుపులు తెరిచాయని ఆయన భావం. ఇండియా నుంచి వచ్చిన ఒత్తిడికి ఆ లెక్కలో చోటు లేదు.

మూడోది చర్చిల్ నుంచి లిన్‌లిత్‌గోకు. ఈ సంపుటం మొత్తంలో ఎక్కువమంది చరిత్రకారులు వేలు పెట్టి చూపించే కాగితం ఇదే. తనకు చెప్పకుండా ఏదో వండుతున్నారని వైస్రాయి అప్పటికే రాజీనామా మాట ఎత్తి ఉన్నాడు. చర్చిల్ బుజ్జగించాడు. పుకార్లు, ప్రచారం, అమెరికావాళ్ళ ధోరణి చూస్తే, కాదు అని భీష్మించుకుని కూర్చోవడం సాధ్యం కాదు, మన నిజాయితీ రుజువు కావాలంటే క్రిప్స్ వెళ్ళక తప్పదు, భారతీయ పార్టీలు దాన్ని తోసిపుచ్చితే మన చిత్తశుద్ధి లోకానికి తెలుస్తుంది అని రాశాడు.

మర్నాడు, మార్చి 11న, చర్చిల్ కామన్స్‌లో లేచి క్రిప్స్ ప్రయాణం ప్రకటించాడు. సభ హర్షించింది. క్రిప్స్ విమానం ఎక్కకముందే, ఆ రాయబారం విఫలమైనా లాభమే అన్న లెక్క ఢిల్లీకి తంతిలో చేరిపోయింది.

తెలుగువాళ్ళకు రాయబారం అంటే కృష్ణ రాయబారమే గుర్తొస్తుంది. దానికి ముందు సంజయ రాయబారం ఉంది. ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి పంపాడు, మంచి మాటలు చెప్పమన్నాడు, రాజ్యంలో భాగం సంగతి మాత్రం ఎత్తలేదు. సంజయుడు మంచివాడు. క్రిప్స్‌కు ఈ పోలిక సరిపోతుంది.

ఢిల్లీలో మూడు వారాలు

మార్చి 23న క్రిప్స్ ఢిల్లీ చేరాడు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఎవరెవరు ఉండాలో తాను రాసుకొచ్చిన జాబితా చూపించబోతే, అది నా పని అని లిన్‌లిత్‌గో మొదటి రోజే తుంచేశాడు.

ప్రతిపాదన మార్చి 29న బయటికి వచ్చింది. యుద్ధం అయ్యాక రాజ్యాంగ సభ, డొమినియన్ ప్రతిపత్తి, కావాలంటే సామ్రాజ్యం నుంచి విడిపోయే హక్కు. నచ్చని రాష్ట్రం కొత్త యూనియన్‌లో చేరకుండా బయట ఉండవచ్చు. సంస్థానాల తరఫున ప్రతినిధులను సంస్థానాలే నియమిస్తాయి. అంటే తెలంగాణ ప్రజలకు అందులో ఓటు లేదు, వారి తరఫున మాట్లాడేది నిజాం పంపే మనిషే. యుద్ధం ముగిసేదాకా రక్షణ బ్రిటన్ చేతిలో.

గాంధీ మార్చి 27న క్రిప్స్‌ను కలిసి, ఇచ్చేది ఇదే అయితే తరువాతి విమానంలో ఇంటికి వెళ్ళమన్నారు. వర్కింగ్ కమిటీ ఏప్రిల్ 2నే తిరస్కార తీర్మానం రాసుకుంది. అయినా పత్రికలకు ఇవ్వకుండా జేబులో పెట్టుకుని బేరం సాగించింది. రేపటి సంగతి మీద పేచీ ఉన్నా, ఇవాళ చేతికి ప్రభుత్వం వస్తే జపాన్ మీద దేశాన్ని నిలబెట్టవచ్చని నెహ్రూ, రాజాజీల ఆశ. 4న ఆజాద్, నెహ్రూ వేవెల్‌ను కలిశారు. 6న విశాఖ. 7న క్యాంటీన్ల జాబితా.

అప్పుడు రంగంలోకి వచ్చినవాడు కల్నల్ లూయిస్ జాన్సన్. రూజ్‌వెల్ట్ వ్యక్తిగత ప్రతినిధి హోదాలో ఏప్రిల్ 3న ఢిల్లీలో దిగాడు. దౌత్యం నేర్చినవాడు కాదు, లాయరు, రాజకీయాల మనిషి. అటు నెహ్రూనూ ఇటు వేవెల్‌నూ కలిసి, ముసాయిదాను తలకిందులు చేశాడు. క్రిప్స్ జాబితా భారతీయుడికి ఏవి ఇస్తారో చెప్పింది. జాన్సన్ ముసాయిదా సేనాధిపతికి ఏవి ఉంచాలో చెప్పి, మిగిలిందంతా భారతీయుడిదే అంది. పనుల్లో పెద్ద తేడా లేకపోవచ్చు, మర్యాదలో ఉంది. ఏప్రిల్ 8 నాటికి రాజీ కుదిరినట్టే అనిపించింది. క్రిప్స్ లండన్‌కు ఆశగా తంతి కొట్టాడు.

ఏప్రిల్ 9

ఢిల్లీ నుంచి లండన్‌కు ఇంకో తంతి కూడా పోయింది. ముసాయిదాను తనకూ వేవెల్‌కూ చూపకముందే కాంగ్రెస్ చేతిలో పెట్టారని లిన్‌లిత్‌గో ఫిర్యాదు. ఒకే ఊరి నుంచి ఒకే మంత్రివర్గానికి రెండు తంతులు. ఒకటి కుదిరేలా ఉందని, ఒకటి కొంప మునిగేలా ఉందని.

ఆ రోజు లండన్‌లో చర్చిల్ దగ్గర రూజ్‌వెల్ట్ ఆంతరంగికుడు హ్యారీ హాప్కిన్స్ ఉన్నాడు. వచ్చింది ఇండియా పని మీద కాదు. యూరప్‌లో దాడి పథకం మాట్లాడటానికి వచ్చాడు. చర్చిల్ వైస్రాయి తంతి చూపించి, జాన్సన్ పాత్ర ఏమిటని అడిగాడు. తాను తెచ్చిన పెద్ద పని ఇండియా వల్ల చెడకూడదు గనుక, జాన్సన్ అధ్యక్షుడి తరఫున మధ్యవర్తిత్వం చేయడం లేదని హాప్కిన్స్ అన్నాడు. అది చాలు. జాన్సన్ పని ఆయుధాల తయారీ వరకే, అంతకు మించి ఆయన రూజ్‌వెల్ట్ ప్రతినిధి కాడు అని చర్చిల్ వెంటనే ఢిల్లీకి తెలియజేశాడు. జాన్సన్ కాళ్ళ కింద తివాచీ లాగేసిన మాట ఆయన దేశస్థుడిదే.

యుద్ధ మంత్రివర్గం క్రిప్స్‌ను నిలదీసింది. మేము ఒప్పుకున్న పథకానికే తిరిగి రా, నీ తంతుల్లో జాతీయ ప్రభుత్వం అంటున్నావే, దాని అర్థం ఏమిటి? అటు వైస్రాయికి వేరుగా భరోసా వెళ్ళింది: నీ అధికారాలకు కత్తెర వేసే ఏ ఆనవాయితీకీ మేము ఒప్పుకోం.

ఏప్రిల్ 9 సాయంత్రం ఆజాద్, నెహ్రూ క్రిప్స్‌ను కలిశారు. కొత్త మండలి మంత్రివర్గంలా నడుస్తుందా, వైస్రాయి దాని మాటకు కట్టుబడతాడా అని అడిగారు. అది వైస్రాయితో తేల్చుకోవలసిన సంగతి అని క్రిప్స్ జవాబు. మొదట్లో చెప్పింది వేరు, ఇప్పుడు చెబుతున్నది వేరు అని ఆజాద్ తన ఉత్తరంలో రాశారు. 10న కాంగ్రెస్ కాదంది. ముస్లిం లీగ్ కూడా తోసిపుచ్చింది. 12న క్రిప్స్ విమానం ఎక్కాడు.

మాట మార్చారన్నది 1942లో కాంగ్రెస్ వారి ఆరోపణ. క్రిప్స్ దాన్ని ఖండించాడు, ఆయన్ను నమ్మినవారూ ఉన్నారు. 1970 తరువాత ఎవరికి వారే ఆ రెండు రోజుల తంతులు చదువుకుని తీర్పు చెప్పుకోవచ్చు.

క్రిప్స్‌ను మరికొన్ని రోజులు అక్కడే ఉంచమని రూజ్‌వెల్ట్ పంపిన సందేశం ఏప్రిల్ 12 తెల్లవారుజామున చర్చిల్‌కు అందింది. రేపు విడిపోయే హక్కు ఇస్తామంటున్నవారు ఇవాళ స్వపరిపాలన ఎందుకు ఇవ్వరో అమెరికా ప్రజలకు అర్థం కాదని అందులో నిష్ఠూరం. చర్చిల్ మండిపడ్డాడు. కావాలంటే నేనే పదవి వదిలి ఇంట్లో కూర్చుంటాను అన్న దాకా జవాబు ముసాయిదా రాశాడు. అప్పటికే వేళ మించిపోయింది. క్రిప్స్‌కు మాత్రం చర్చిల్ ముందురోజే మెచ్చుకోలు తంతి పంపి ఉన్నాడు: నీ శక్తి కొద్దీ చేశావు, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ దాని ఫలితం మేలే చేసింది అని. విఫలమైన రాయబారికి అందిన ఈ అభినందనను చర్చిల్ మార్చి 10 నాటి తంతి పక్కన పెట్టి చదవండి.

నాటకమేనా?

క్రిప్స్ రాయబారం ఒట్టి నాటకమని మనలో చాలామంది బడిలో నేర్చుకున్నాం. కాగితాలు చూశాక ఆ మాట సగమే నిజం. చర్చిల్‌కు అది అమెరికాకు చూపించే కాగితం. లిన్‌లిత్‌గోకు తలనొప్పి. ఆట్లీకి సామ్రాజ్యాన్ని సరిదిద్దే ప్రయత్నం. క్రిప్స్‌కు మాత్రం నిజమైన ఆశ, బహుశా తన భవిష్యత్తు కూడా. బ్రిటిష్ ప్రభుత్వం అని మనం ఏకవచనంలో అనే దానిలో ఇన్ని నోళ్ళు ఉన్నాయి. ఏ నోరు ఎప్పుడు పెద్దదయిందో తేదీల వారీగా చూపించడమే ఫైళ్ళు చేసే మేలు.

లండన్ తంతులే అంతా చెడగొట్టాయనడం కూడా తొందరపాటే. రాష్ట్రాలు విడిగా ఉండవచ్చన్న నిబంధన, సంస్థానాధీశుల నియామకాలు కాంగ్రెస్‌కు మొదటినుంచీ గొంతు దిగనివి. లీగ్‌కు ఆ నిబంధన చాలలేదు. ఆ నెలలోనే రాజాజీ మద్రాసులో విభజన సూత్రాన్ని ఒప్పుకుందామని తీర్మానం పెట్టించి, వర్కింగ్ కమిటీ నుంచి బయటికి వచ్చారు. రాయబారం పోయినా అది తవ్విన గొయ్యి మిగిలింది.

ఈ పుస్తకాల్లో లేనిదీ ఒకటుంది. పన్నెండు సంపుటాలూ పాలించినవారి బల్లల మీది కాగితాలే. ఏప్రిల్ 6న విశాఖ రేవులో మూటలు మోసినవాడు ఏమనుకున్నాడో అందులో దొరకదు. అది మన ఇళ్ళలో, ముసలివాళ్ళ మాటల్లో ఉండింది. చాలామటుకు వారితోనే పోయింది.

ఇక మన సంగతి. పాతికేళ్ళు దాటిన ప్రభుత్వ పత్రాలు నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరే ఏర్పాటు మన చట్టంలోనూ ఉంది. 1993లో ఆ చట్టం చేసుకున్నాం. కాని 1962 చైనా యుద్ధంలో మన సైన్యం ఎందుకు దెబ్బతిన్నదో తేల్చి, 1963లో సమర్పించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఏ ప్రభుత్వమూ ఇంతవరకూ అధికారికంగా బయటపెట్టలేదు. మనల్ని ఏలినవాళ్ళు తమ గుట్టును ఇరవై ఎనిమిదేళ్ళకే అచ్చు వేయించారు. మనం ఎన్నుకున్నవాళ్ళు అరవై ఏళ్ళు దాటినా తాళం తీయలేదు.

(వచ్చే వారం: ఆగస్టు 8 రాత్రి బొంబాయి, ఆ రాత్రికి నెలల ముందే సిద్ధమైన అరెస్టుల పథకం)